జోడు లేని గొంతు

ఎర్రమెట్ట అద్దాల పాక. కాపలాదారు గొర్లె దాలయ్య రాత.

1

తెల్లారగానే అద్దం తుడిచాను. పాత పంచె గుడ్డతో, మధ్య నుంచి అంచుకి. ఎద్దుబండి చక్రమంత అద్దం. దాని మీద మంచు చుక్క నిలిచినా పైనుంచి వచ్చే వెలుగు గింజలు చెదిరిపోతాయి. కోళ్ళను వదిలాను. చోడి అంబలి తాగాను. పట్టికలో ఉన్నంత మేర గడియారం ముల్లు జరిపాను.

రేడియో పెట్టగానే మా అమ్మ గొంతు వచ్చింది.

"ఒరే దాలీ, దాహమేస్తందిరా. కుండలో నీల్లు లేవు."

మా అమ్మ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఏటా వానల ముందు వస్తుంది ఈ గొంతు. నేను పలకలేదు. ఏనాడూ పలకలేదు. దొంగ గొంతుకు ఒక్క మాట బదులిచ్చామా, మన గొంతు ఆ గొంతుల దొంగల సంచీలో పడుతుంది. ఆ తరవాత మన గొంతుతో ఇంకొకరిని పిలుస్తారు. పక్క మెట్ట కాపలాదారు చచ్చిపోయిన తమ్ముడి గొంతుకు పలికాడు. అతనూ పోయి చాలాకాలమైంది. అతని గొంతు మాత్రం ఇప్పటికీ ఊళ్ళ మీద పడి తలుపు తియ్యమని అడుగుతోంది.

అందుకే ఈ రోజుల్లో జోడు ఉన్న మాటే మాట. మిగతాదంతా గాలి.

జోడు అంటే పైనా కిందా ఒకటిగా కలిసే వెలుగు గింజల జంట. అది పైన ఉయ్యాలలో పుడుతుంది. ఉయ్యాల అంటే భూమి చుట్టూ తిరిగే ఇల్లు. అందులో ముగ్గురు ముసలమ్మలు ఉంటారు. ఒకామె నా పెళ్ళాం తవిటమ్మ. మోకాళ్ళు అరిగిపోయిన వాళ్ళనే ఏరి పంపుతారు, అక్కడ ఒంటికి బరువుండదు గనక. నన్నూ రమ్మంది. కాలు నేలకు ఆనని చోట ముద్ద ఎలా దిగుతుందే అన్నాను. ఎగతాళిగా నవ్వి తనొక్కతే వెళ్ళింది.

ఇవాళ జోడు నూటికి తొంభై ఆరు కలిసింది. తవిటి మాట తెరుచుకుంది.

"మావా, నల్ల పెట్టని పొదగేసేవా లేదా? ఎయ్యలేదు గదా. నాకు తెల్సు. పైనుంచి నాకన్నీ కనిపిస్తన్నాయి."

కనిపించవు. కానీ వెయ్యలేదు, నిజమే. ఇవాళ వేశాను.

2

జోడు తొంభై. అద్దం రెండోసారి తుడిచాను.

ఈ ఏడాది కొత్తగా ఇంజినీరమ్మను వేశారు. పేరు హెప్సిబా. కృష్ణ ఒడ్డు మనిషి. కింద గదిలో ఉంటుంది. అంకె చూసి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దాయనా, గడియారం సరిగ్గానే జరిపారా?"

"నాను ఈ ముల్లు పట్టినప్పుడు మీ అమ్మకి పల్లు కూడా రాలేదు."

"అదికాదండీ, అడిగానంతే."

"అడక్కు."

ఆమె మంచిదే. కానీ గడియారం మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. అదొక్కటే నాకు తెలిసిన పని. చదువు పెద్దగా లేదు. నాకు నేర్పిన పాతాయన పూసలతో చెప్పాడు. రెండు దండలు ఒకే వరసలో గుచ్చారనుకో. ఒకటి పైన, ఒకటి కింద. ఏ పూస ఎర్రదో ఏది నల్లదో చూసేదాకా ఎవరికీ తెలియదు. చూస్తే రెండు చోట్లా ఒకటే రంగు. దొంగ మధ్యలో వేలు పెడితే రంగులు కలవవు. ఆ రంగుల వరసే తవిటి మాటకు తాళంచెవి. అయితే ఏ పూసకు ఏది జోడో తెలియాలంటే పై గడియారం, కింది గడియారం ఒక్క అడుగు వెయ్యాలి. వరస జారితే ఎర్రదానికి నల్లది తగులుతుంది.

పైన కాలం వేరు. భూమి లాగుడు తక్కువ గనక అక్కడ గడియారం చురుగ్గా నడుస్తుంది. ఉయ్యాల పరుగు మీద ఉంటుంది గనక కాస్త మందంగానూ నడుస్తుంది. చురుకులోంచి మందం తీసేస్తే ఆ ఎత్తున చురుకే మిగులుతుంది. అది రోజుకు ఎంతో పట్టిక చెబుతుంది. నేను జరుపుతాను.

3

జోడు డెబ్భై ఎనిమిది. అద్దం శుభ్రంగా ఉంది. అద్దం గూట్లో అడ్డంగా గుడ్లగూబ లేదు. పొగమంచు లేదు.

తవిటి మాట సగం తెరుచుకుంది. చిరిగిన గుడ్డలా వచ్చింది. "మావా... ఎనక్కి... ఇరుక్కు... సూరమ్మ ఏడుస్తంది... నువ్వు..." ఆపైన అంతా గరగర.

సూరమ్మ పైనున్న ముగ్గురిలో ఒకామె, మూడో ఆమె గంగమ్మ. సూరమ్మ ఎప్పుడూ ఏడవని మనిషి.

కోళ్ళు మూసిన తరవాత కూడా ఆ గరగర చెవిలోంచి పోలేదు.

4

ఇవాళ తాళం లేని రేడియోలో తవిటి గొంతు వచ్చింది. జోడు లెక్కలు వినడానికి రేడియో తెరిచి ఉంచాలి గదా, అందులోంచి.

"మావా, ఇనపడతందేటి? నాను తవిటిని. తోపుడు యంత్రం ఎనక్కి తిరిగి ఇరుక్కుపోనాది. ఎండ తగిలినంతసేపూ మమ్మల్ని కిందికి నెడతంది. ఆపడానికి అవ్వట్లేదు. కిందికొచ్చేం గనక నీ పట్టిక ఇంక పనికిరాదు. ముల్లు ఎనక్కి తిప్పు మావా. ఎంతో సెప్తాను, రాసుకో."

అంకె చెప్పింది. నేను రాసుకోలేదు. హెప్సిబా రాసుకుంది.

నేను రేడియో గొంతు తగ్గించాను.

"ఏంటండీ అలా చేశారు? ఆవిడ మీ ఆవిడే కదా!"

"గొంతు మా ఆడదానిది. మనిషి ఎవులో నాకేటి తెల్సు?"

"సూరమ్మగారి సంగతి, యంత్రం సంగతి..."

"మా అమ్మ గొంతు కుండ సంగతి కూడా సెప్తాది. ఆ కుండ కూడా మా ఇంట్లో ఉండేదే. మనం బతికినన్నాల్లూ రేడియోలో వాగిందంతా ఆల్ల కాడుంది, అమ్మాయ్."

దక్షిణపు మెట్ట సంగతి ఆమెకు చెప్పాను. అక్కడి కాపలాదారుకు కూతురి గొంతు వచ్చింది. ముల్లు జరుపు నాన్నా అంది. జరిపాడు. వరస జారిపోయింది. ఎంత జారిందో తెలియకపోతే ఒకసారి తప్పిన వరస మళ్ళీ దొరకదు. ఆ ఏడు తుఫాను కబురు ఆ తీరానికి అందలేదు. పడవలు వెళ్ళాయి. మనుషులు తిరిగి రాలేదు.

హెప్సిబా అంకె రాసుకున్న కాగితం మడిచి జాకెట్టు జేబులో పెట్టుకుంది.

5

జోడు అరవై. యాభై అంటే ఉత్త గాలి. కళ్ళు మూసుకుని చెప్పినా సగం రంగులు కలుస్తాయి గదా. యాభైకి దిగితే పై ఇల్లు దొంగల చేతికి చిక్కిందని రాసి ఉయ్యాలతో మాట కలిపే తాడు తెంపాలి. అది నా చేత్తో నేనే చెయ్యాలి.

గొంతు మళ్ళీ వచ్చింది.

"మావా, మమ్మల్ని దింపడానికి ఉయ్యాల రేవు నుంచి పైకెగిరే పడవ పంపమను. మా మాట రేవోల్లు నమ్మరు. నీ మాట జోడుతో ఎల్తేనే పడవ కదుల్తాది. ఒక్కసారి ముల్లు తిప్పి సూడు."

తరవాత ఊపిరి ఒక్కటే. ఆ తరవాత తిట్టింది. నా ఏడు తరాలనూ తిట్టింది. అచ్చం తవిటి తిట్టినట్టే. ముక్కు దగ్గర మాట విరిచి తిట్టడం ఒక్క తవిటికే వచ్చు అనుకునేవాడిని.

నేను పలకలేదు. అద్దం తుడిచాను. తుడిచిందే మళ్ళీ తుడిచాను.

హెప్సిబా గుమ్మంలో నిలబడింది. "మీరు బండరాయేనండీ, పెద్దాయనా. మనిషైతే ఒకసారైనా వెనక్కి తిరిగి చూస్తాడు."

"కాపలాదారు సూడడు."

6

జోడు యాభై నాలుగు. రేడియోలో తవిటి గొంతు మొదట వచ్చి ఇవాళ్టికి ఐదు రోజులు.

పొద్దున్నే కోళ్ళ దగ్గర గొడవ. హెప్సిబా నిద్రమొహంతో వచ్చి, "కోళ్ళని ఇంత చీకట్లో వదిలేస్తారేంటండీ, నక్కలుంటాయి" అంది.

"సుక్క ఎలిగినాక ఒదల్తాను. నలబై ఏల్ల నుంచీ అంతే. నక్కలకీ తెల్సు."

"ఏ చుక్క?"

"ఉయ్యాల సుక్క. పొద్దు పొడిసే ముందు తూరుపు కొండ మీద ఎలుగుతాది సూడు, అదే. ఈమధ్య దానికీ తొందర ఎక్కువైంది. నాను కల్లు ఇప్పకముందే వచ్చేస్తంది. రోజురోజుకీ ముందే. కోల్లు సీకట్లో దిగడానికి అదే కారణం, నాను కాదు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"రోజురోజుకీ ముందా? ఎన్నాళ్ళ నుంచి?"

"జోడు జారినప్పట్నుంచే."

"మరి నాకు చెప్పలేదేంటండీ!"

ఎందుకు చెప్పలేదంటే, చుక్క సరిగ్గానే ఉంది, నా గడియారమే వెనకబడిందేమోనని నా అనుమానం. ఆ మాట ఆమె నోట వినడం నాకు ఇష్టం లేకపోయింది. ఇదే సంగతి. రాస్తున్నాను.

హెప్సిబా నేల మీద కూర్చుని కోడి ఈకతో మట్టిలో గీసింది. ఉయ్యాల కిందికి దిగితే చుట్టు చిన్నదవుతుంది, పరుగు పెరుగుతుంది, అందుకే తొందరగా వస్తుంది అంది. రేడియోలో ఏ గొంతునైనా దొంగిలించవచ్చు, ఆకాశంలో చుక్కను ఎవరు జరుపుతారు అంది. దిగినకొద్దీ చురుకు తగ్గుతుంది, మందం పెరుగుతుంది. మట్టిలో ఆమె తేల్చిన అంకె, జేబులోని కాగితం మీద గొంతు చెప్పిన అంకె పక్కపక్కన పెట్టింది. గొంతు ముందే చెప్పిన దిగుడును ఇవాళ్టి దాకా సాగదీస్తే రెండూ ఒకటే.

నేను గడియారం ముందు నిలబడ్డాను. ఎన్నేళ్ళుగానో ఆ ముల్లును ముందుకే జరిపాను. వెనక్కి తిప్పడానికి చెయ్యి రాలేదు. హెప్సిబా తిప్పుతానంది. వద్దన్నాను. తప్పైతే అది నా చేతి తప్పే అవ్వాలి.

తిప్పాను.

గింజలు పడ్డాయి. లెక్కలు కలిపాము. తొంభై ఐదు.

హెప్సిబా ఏడ్చింది. నేను కోళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

7

పేరుకున్న మాటలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. రేడియోలో విని నేను నోరు నొక్కినవే, మళ్ళీ అన్నీ. ఈసారి తాళంతో. యంత్రం ఇరుక్కుంది, ముల్లు తిప్పు, పడవ పంపు. చివరిది ఇంత చిన్నది: "మావా, ఉన్నావా?"

రేవుకు జోడుతో కబురు పంపాను. పడవ లేపుతున్నామని బదులొచ్చింది. ఇన్ని రోజులు ముందు చెప్పి ఉంటే తాపీగా వెళ్ళేవాళ్ళమనీ రాశారు.

తవిటికి రాశాను. "నీ గొంతని తెలుసు. నువ్వని తెలియదు. అందుకే పలకలేదు."

ఆమె మాట: "పలకనందుకు కోపం నేదు. పలికుంటే రేపు ఇంకో ఆడదాని గొంతుకీ పలుకుతావు. తిట్టినందుకు మాత్రం ఏటీ అనుకోను, నీకది కావాల్సిందే."

8

ఇవాళ ముల్లు జరపలేదు.

హెప్సిబా ముందే చెప్పింది. భూమి అడ్డుకొలతలో పావు వంతు ఎత్తున ఒక మెట్టు ఉంటుందట. అక్కడ చురుకు, మందం సరిసమానం. అక్కడి గడియారం, నేల మీది గడియారం ఒక్క తీరున నడుస్తాయి. ఉయ్యాల ఇవాళ ఆ మెట్టు దాటుతోంది.

తవిటికి చెప్పాను. ఇవాళ నీ కాలం, నా కాలం ఒకటే అని.

"నలబై ఏల్ల కాపరంలో ఇదే మొదటిసారి" అంది.

జోడు తొంభై తొమ్మిది. అంత అంకె నేను ఎప్పుడూ చూడలేదు. పొద్దంతా మాట్లాడుకున్నాం. నల్ల పెట్ట, సూరమ్మ గురక, నా దగ్గు. ఆఖర్న ఆమె అడిగింది:

"మావా, పడవ అందితే నాను దిగుతాను. జోడు పుట్టించే గింజల పెట్టి దిగదు, కాలిపోద్ది. అప్పుడు నాదీ జోడు నేని గొంతే. అప్పుడేటి సేస్తావు?"

హెప్సిబా నా భుజం తట్టింది. "పెద్దాయనా, ఇప్పుడే ఒక గుర్తు మాట పంపండి. తాళంతో వెళ్తుంది, దొంగలకు తెలియదు. కిందికొచ్చాక ఆ మాట చెబితే ఆవిడే."

"పెల్లాన్ని గుర్తు మాట అడగాలా? నాను అడగను. అడిగితే నిన్ను నమ్మను అన్నట్టే గదా."

"ఇవాళైతే జోడు నిలకడగా ఉందండీ. రేపు ఉయ్యాల పరుగెక్కువ."

"రేపు సూద్దాం."

9

హెప్సిబా మాటే నిజమైంది. మెట్టు దాటాక ఉయ్యాల దిగుడు తెగ పెరిగింది. కింద గాలి కూడా తగిలి లాగుతోందట. ముల్లు వెనక్కి, ఇంకా వెనక్కి. నేను ఒకచోట పెట్టేలోపు ఆ చోటు పాతబడిపోతోంది. జోడు ఎనభై, ఆ తరవాత అరవై ఆరు.

గుర్తు మాట రాశాను. అది ఇక్కడ రాయను. తాళం వేసి పంపాను. మళ్ళీ పంపాను. తెరుచుకుందో లేదో చెప్పే బదులు రాలేదు.

పడవ దగ్గరపడుతోందని రేవు నుంచి ఒక కబురు సగం తెరుచుకుంది. రేవు జోడు కూడా ఉయ్యాల మీదుగానే రావాలి గదా.

పొద్దు పొడిచే ముందు తూరుపు కొండ మీద చుక్క వెలిగింది. రోజూ ఉండే తెలుపు కాదు. ఎరుపు. సాగింది. మూడు ముక్కలైంది. కొండ అవతలికి పోయింది. చప్పుడు చాలా ఆలస్యంగా వచ్చింది. కోళ్ళన్నీ ఒకచోట చేరి నిలబడ్డాయి.

జోడు యాభై.

నిబంధన ప్రకారం తాడు తెంపాను.

10

వాన మొదలైంది. వాగులు పొంగాయి. రేవు నుంచి మనిషి రాలేదు. అద్దంలో పడడానికి ఏమీ లేదు, అయినా తుడిచాను.

రేడియోలో తవిటి గొంతు.

"మావా. దిగేను. సూరమ్మా దిగింది. గంగమ్మ దారిలోనే పోనాది. నాను కొండ కింద సత్రంలో ఉన్నాను. ఎక్కనేను మావా. అక్కడ నాలుగేల్లు గాలిలా తేలేను, ఇప్పుడు నా ఒల్లే నా మీద కూకుంది. సెయ్యి ఎత్తితే బండరాయి ఎత్తినట్టుంది. గుండె కూడా ఆగి ఆగి కొట్టుకుంటంది. నువ్వు రా."

హెప్సిబా నా పక్కనే ఉంది. "గుర్తు మాట చెప్పమని అడగండి" అని గొణిగింది. వెంటనే నాలిక కరుచుకుంది. అడగాలన్నా పలకాలి గదా.

గొంతే మళ్ళీ అంది: "ఆఖర్న ఏదో మాట పంపేవు. గరగరలాడింది. తెరుసుకోనేదు. ఏటి పంపేవు మావా?"

నిజంగా తెరుచుకోకపోతే తవిటి ఇలాగే అంటుంది. తాళం వేసిన మాట గాలిలో వెళ్ళడం చూసిన దొంగ కూడా ఇలాగే అంటాడు. ఆ మాట తనకు చెప్పమని నన్ను అడిగేదీ వాడే.

హెప్సిబా అంబలి తెచ్చింది. తాగలేదు.

"వాగులు తగ్గాక నేను వెళ్ళి చూసొస్తానండీ" అంది.

"తగ్గేసరికి ఆ గుండె ఆగిపోతే?"

"అది ఆవిడ కాకపోతే? ఈ వయసులో మీరు వాగు దాటి..."

"కాకపోతే కాదు."

మొన్న ఎదురుగా చుక్క ఉంది, అంకె ఉంది, నమ్మడానికి ఆనవాలు ఉంది. ఇవాళ ఏమీ లేదు. మొన్న నమ్మాల్సిన ఐదు రోజులూ నమ్మలేదు. ఆ ఐదు రోజులు ముందే పడవ కదిలి ఉంటే గంగమ్మ బతికి ఉండేదేమో. ఆ గొంతు నిజమైతే, ఉండేదే.

మాట పంపే మీట నొక్కాను. కాపలాదారు అయ్యాక తాళం లేకుండా దాన్ని నొక్కడం ఇదే మొదలు.

"ఒలే తవిటీ. వస్తన్నాను. కాలు సాపుకుని పడుకో. లెగవకు."

అటు నుంచి ఏమీ రాలేదు. వాన చప్పుడే. కాసేపటికి అదే దారిన ఇంకో గొంతు వచ్చింది.

"ఒరే దాలీ, దాహమేస్తందిరా."

హెప్సిబా ఆపబోయింది. నేను ఆమె చెయ్యి పక్కకు తీశాను. ఒక్కసారి పలికాక ఇంక దాచుకోవడానికి నా గొంతులో ఏముంది?

"కుండ నిండా నీల్లున్నాయమ్మా. మూత తీసి తాగు."

ఆ గొంతు ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. ఏటా వచ్చినప్పుడు అడుగుతూనే ఉండేది. ఇవాళ మళ్ళీ అడగలేదు.

గడియారం హెప్సిబాకు అప్పజెప్పాను. కొత్త ఉయ్యాల ఎప్పుడు లేపుతారో తెలియదు, ముల్లు మాత్రం తుప్పు పట్టనివ్వకు అన్నాను. నల్ల పెట్ట కింద పదకొండు గుడ్లున్నాయి. కర్ర, గొంగడి, తవిటి పాత చెప్పులు తీసుకున్నాను. వాటిలో ఆమె పాదం ఇప్పుడు పడుతుందో లేదో.

హెప్సిబా, ఈ ఆఖరి ముక్క నీకు. నేను తిరిగి వస్తే మెట్ట ఎక్కి వస్తాను. తలుపు తడతాను. నా మొహం చూసి తియ్యి. రేడియోలో పిలవను. రేపటి నుంచి రేడియోలో నా గొంతు వచ్చి, వాగు దగ్గర పడ్డాను రా అమ్మాయ్ అని ఎంత బతిమాలినా, అది నేను కాదు.

నువ్వు పలకకు.